ఆ రక్తం ఎవరిది? గండికోటలో కథలు చెప్పేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

గండికోటలో సందర్శకుల వెంట తిరిగి కథ చెప్పే తమ్ముళ్లకు, సెల్‌ఫోన్ పట్టుకుని రీల్స్ చేసే పిల్లలకు, రేపో మాపో అక్కడ కొత్త బోర్డుల మీద నాలుగు ముక్కలు రాయబోయే పెద్దలకు,

నమస్కారం.

నాది ప్రొద్దుటూరు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించుకుని గండికోటకు పోయేవాణ్ణి. ఆ రోజుల్లో పైన టీ నీళ్లు కూడా దొరికేవి కావు. పులిహోర, పెరుగన్నం మూటగట్టుకుని పోయి, ధాన్యాగారం నీడలో కూర్చుని తినేవాళ్లం. ఇప్పుడు పోతే కార్లు నిలపడానికి చోటు లేదు. సంతోషమే. మా ఊళ్లవైపు మనుషులు రావడం, మా పిల్లలకు దాని మీద నాలుగు డబ్బులు దొరకడం నాకు ఇష్టమైన సంగతే. ముందే ఈ మాట చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత కొంచెం దెప్పుతాను.

పోయిన డిసెంబరులో బెంగళూరు నుంచి మా మనవరాలు వస్తే దాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆరో తరగతి. కోనేరు దగ్గర ఒక అబ్బాయి పదిమందిని నిలబెట్టి చెబుతున్నాడు: "యుద్ధం అయిపోయినాక సైనికులంతా వచ్చి ఇక్కడే కత్తులు కడిగేవాళ్లు సార్. నీళ్లన్నీ రక్తంతో ఎర్రగా అయిపోయేవి. అందుకే దీనికి కత్తుల కోనేరు అని పేరు." అందరూ ఫోటోలు తీసుకున్నారు. మా పాప నా చెయ్యి లాగి, "ఎవరి రక్తం తాతా?" అంది.

ఆ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నా దగ్గరా చప్పున జవాబు లేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. గండికోటలో మనం చెప్పే కథలో యుద్ధం ఉంటుంది కానీ ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకున్నారో ఉండదు. రక్తం ఉంటుంది, మనుషులుండరు. ఆ పాప అడిగిన ప్రశ్నకు ఈ ఉత్తరం నా జవాబు అనుకోండి. దానికంటే ముందు మీకు చెప్పాలనిపించి మీకే రాస్తున్నాను.

మొదట పేరు సంగతి. 'ఇండియా గ్రాండ్ కేన్యన్' అనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ ఇప్పుడది వదిలేలా లేదు. వీడియో ఏది తెరిచినా మొదటి వాక్యం అదే. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఉన్నది కొలరాడో నది కోసిన లోయ. నాలుగు వందల కిలోమీటర్లు దాటిన పొడవు, లోతైన చోట 1,800 మీటర్లకు పైనే. మన గండి లోతు ఓ మూడు వందల అడుగులు ఉంటుంది. పోలిక పెట్టి మనమే మన గండిని చిన్నబుచ్చుకుంటున్నాం. ఆ అమెరికా లోయను చూసి వచ్చినవాడు ఎవడైనా ఇక్కడికొచ్చి "ఇంతేనా" అంటే తప్పు వాడిది కాదు.

పైగా అంత చక్కటి పేరు చేతిలో పెట్టుకుని పరాయి పేరెందుకు? చెరువు కట్ట తెగితే గండి పడింది అంటాం. పెన్నేరు ఎర్రమల కొండకు గండి కొట్టింది, ఆ గండి మీద కోట కట్టారు, గండికోట అయింది. ఈ మాట పిల్లలకు విడమరిచి చెబితే నది ఏం చేసిందో పేరులోనే తెలిసిపోతుంది. ఇంకో ముచ్చట. భూగర్భ శాస్త్రంలో ఆ ఎర్రరాతి పొరల్లో ఒకదానికి పేరే 'గండికోట క్వార్ట్‌జైట్'. వంద కోట్ల ఏళ్లు ఎప్పుడో దాటిపోయిన రాయి అది. అంటే రాళ్లు చదువుకున్నవాళ్లు మన ఊరి పేరును వాడుకుంటున్నారు, మనం మాత్రం అరిజోనా నుంచి అప్పు తెచ్చుకుంటున్నాం.

ఇప్పుడు కోట ఎప్పుడు కట్టారన్న ప్రశ్న. మీరంతా 1123 అని చెబుతారు. కల్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు కట్టించాడంటారు. ఇది గండికోట కైఫీయతులో ఉన్న కథ. కైఫీయతులంటే మరేం కాదు, రెండు వందల ఏళ్ల కింద కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాలూ పెద్దలూ ఏం చెబితే అది రాసుకున్న ఊరి చరిత్రలు. తర్వాత మన కడపలో కాపురమున్న బ్రౌన్ దొర వాటికి నకళ్లు రాయించాడు. అవి లేకపోతే మా సీమ పల్లెలకు చరిత్రే ఉండేది కాదు, అందుకు ఆ ఇద్దరికీ దణ్ణం పెట్టాలి. కానీ కైఫీయతులో చెప్పిందంతా నిజమని లెక్క కాదు. ఆహవమల్ల సోమేశ్వరుడు ఏలింది 1042 నుంచి 1068 దాకా. 1123 నాటికి కల్యాణిలో ఉన్నది ఆయన కొడుకు ఆరో విక్రమాదిత్యుడు. తండ్రి పోయి యాభై ఐదేళ్లయింది. అంటే సంవత్సరమైనా తప్పు, రాజైనా తప్పు. అటు చూస్తే ఇంగ్లీషువాళ్ల గెజెటీరు ఫెరిష్తా అనే పారశీక చరిత్రకారుడి మాట పట్టుకుని కోట 1589లో కట్టారని రాసింది. ఒకదానికీ ఇంకోదానికీ తేడా 466 ఏళ్లు! 1589 గోల్కొండ సేనలు ఈ వైపు దండెత్తి వచ్చిన కాలం. అంతకు ఎంతో ముందే విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు ఇక్కడ ఉన్నారు. పట్టుకున్న ఏడాది కట్టిన ఏడాదిగా మారిపోయిందని నా అనుమానం.

దీన్ని మీరు సందర్శకులకు ఎందుకు చెప్పరు? "సార్, కోట వయసు మీద ఊళ్లోవాళ్లు చెప్పేది ఇది, దొరలు రాసింది ఇది, రెండింట్లోనూ తిరకాసు ఉంది" అని చెప్పి చూడండి. జనం చెవులు రిక్కించి వింటారు. 1123 అని ఒక అంకె చెబితే మెట్లు దిగేలోపు మరిచిపోతారు. తిరకాసు ఉందంటే కారులో పోతూ కూడా దాని గురించే వాదించుకుంటారు. నేను క్లాసులో చేసి చూసిన పని ఇది.

ఇక అసలు సంగతికి వస్తాను. గండికోట కథలో కళ్లారా చూసినవాడు రాసిపెట్టిన ఘట్టం ఒకటుంది. మీ నోట అది నేను ఒక్కసారి కూడా వినలేదు.

జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అని ఫ్రాన్సు దేశపు వజ్రాల వ్యాపారి. తర్వాతి కాలంలో పద్నాలుగో లూయీకి పెద్ద నీలి వజ్రాన్ని అమ్మింది ఈయనే. దానిలోంచి కోసిందే ఇవాళ హోప్ డైమండ్ అని పిలిచే రాయి. ఈయన 1652లో మచిలీపట్నంలో దిగాడు. గోల్కొండ సుల్తానుకు ముత్యాలు, నగలు అమ్మాలని ఆశ. కానీ మీర్ జుమ్లా చూసి సరే అనకుండా సుల్తాను ఏదీ కొనడని చెప్పారు. మీర్ జుమ్లా ఇరాన్‌లో నూనె వ్యాపారి కొడుకుగా పుట్టి, గోల్కొండకు వచ్చి, వజ్రాల గనుల మీద సంపాదించి, ప్రధాని అయినవాడు. ఆ సమయంలో ఆయన ఎక్కడున్నాడయ్యా అంటే గండికోటలో. టావెర్నియర్ మద్రాసు మీదుగా తిరిగి సెప్టెంబరు మొదట్లో మన కొండెక్కాడు. తాను చేరడానికి ఎనిమిది రోజుల ముందే, మూడు నెలల ముట్టడి తర్వాత కోట మీర్ జుమ్లాకు లొంగిందని రాశాడు. మన పుస్తకాల్లో చాలావాటిలో 1650 అని ఉంటుంది. ఇదీ ఒక తిరకాసే, ఇదీ మీ సంచిలో వేసుకోండి.

ఆయన కోటను వర్ణించిన తీరు చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. పైకి ఒకటే దారి, అదీ కొండను తొలిచిన దారి. ఇరవై ఇరవై అయిదు అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే. పక్కనే చూస్తే గుండె జారే లోయ, అడుగున పెద్ద నది. కొండ మీద చిన్న మైదానం, ఊటల నీళ్లతో వరీ చిరుధాన్యాలూ పండిస్తున్నారు. కోట చుట్టూ మిగతా వైపులన్నీ పాతాళమే కాబట్టి మైదానం వైపు నాలుగైదు వందల అంగల మేర కాపలా కాస్తే చాలు. అక్కడ చెక్కిన రాతితో మూడు గోడలు, కందకాలు. ఇప్పుడు మీరు కారు ఆపే చోట నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. మూడు వందల డెబ్బై ఏళ్ల కింద ఆయన చెప్పింది మీ కళ్లకు కనిపిస్తుంది. అందరూ పరుగెత్తుకుంటూ అంచు దగ్గరికి పోతారు, సెల్ఫీలకి. ఆ మైదానం వైపు గోడను ఎవరూ చూడరు. కోట గెలవడం ఓడడం తేలింది అక్కడే. (అంచు దగ్గర చాలాచోట్ల అడ్డం ఏమీ లేదు, గాలి కూడా చెప్పి రాదు. పిల్లల్ని వెనక్కి జరపమని చెప్పడం కూడా మీ డ్యూటీలో వేసుకోండి.)

అంత పెద్ద కోటలో లోపలివాళ్లకు ఉన్నవి రెండే ఇనప ఫిరంగులు. ఒకటి ద్వారం మీద, ఇంకోటి బురుజు లాంటి కొమ్ము మీద. కోటలోని రాజు మహా శూరుడని ఈ ఫ్రెంచివాడే ఒప్పుకున్నాడు. లోపలివాళ్లు ఉండుండి బయటికి దూకి కొట్టి వెళ్లేవాళ్లట, మీర్ జుమ్లా మనుషులు చాలామంది చచ్చారట. చివరికి మీర్ జుమ్లా తన కొలువులో ఉన్న యూరపు ఫిరంగివాళ్లందరినీ పిలిపించి, ఎలాగైనా ఫిరంగులను ఆ కొండెక్కిస్తే నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడు. ఇదొక ఇన్సెంటివ్ స్కీము అన్నమాట. నాలుగు ఫిరంగులు ఎక్కించారు. ద్వారం మీదున్న ఫిరంగిని ముందు మూగదాన్ని చేశారు, తర్వాత ద్వారాన్ని కూలగొట్టారు. లోపలివాళ్లు మాట తీసుకుని లొంగిపోయారు.

ఇప్పుడు మన కథ. మన కైఫీయతులో కోట ఫిరంగులకు పడలేదు. కోటను ఏలుతున్న పెమ్మసాని చిన తిమ్మానాయుడు ఎంతకీ లొంగకపోతే, పొదిలి లింగన్న అనే తన కొలువువాడే లంచానికి ఆశపడి ఆయనకు విషం పెట్టాడు. మా చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ కథ చెప్పి, చివర్లో "లింగన్నలాంటోడు ఇంట్లో ఒకడుంటే చాలు, బయటోడు అక్కర్లేదు" అనేది. ఇంట్లో దాయాదుల తగాదా నడుస్తున్నప్పుడైతే ఈ మాట కొంచెం గట్టిగా అనేది.

ఏది నిజం? నాకనిపించేది చెబుతాను. టావెర్నియర్‌కు ముట్టడి గురించి చెప్పినవాళ్లలో ఆ ఫ్రెంచి, డచ్చి ఫిరంగివాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల కథలో గెలిపించింది వాళ్లే అవుతారు, అది సహజం. మనవాళ్ల కథలో మన దొర రణంలో ఓడిపోవడం మనసొప్పదు. కాబట్టి లోపలివాడెవడో అమ్ముడుపోవాలి. రెండు వైపులా ఎవరి పరువు వాళ్లు కాపాడుకున్నారు. విషం పెట్టిందీ నిజం కావచ్చు, ద్వారం కూలిందీ నిజం కావచ్చు. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే, చరిత్ర అంటే ఎవరు చెప్పారన్నది కూడా చూసుకోవాలని పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. మీరేమో లింగన్న కథ ఒక్కటి చెప్పి, దానికి సినిమా మ్యూజిక్ కలిపి వదులుతున్నారు.

మీర్ జుమ్లాను టావెర్నియర్ గుడారంలో కలిశాడు. అక్కడ చూసింది రాసింది చదివితే ఆ మనిషి మన ముందు కూర్చున్నట్టే ఉంటుంది. చెప్పులు లేకుండా బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాలి వేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమ చేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి లాగి, చదివి, గుమాస్తాలకు జవాబు చెబుతున్నాడు. కొన్ని తానే రాస్తున్నాడు. చివర్లో అన్నీ చదివించుకుని ముద్ర తానే వేశాడు. కంప్యూటర్ తెరమీద ఇరవై ట్యాబులు తెరుచుకుని కూర్చునే ఇవాళ్టి ఆఫీసర్లకు ఆయన తాత. ఆ ఉత్తరాలు పట్టుకుపోయే పద్ధతి కూడా రాశాడు. దారిలో అంతంత దూరానికి ఒక గుడిసె, అందులో పరుగు మనుషులు. వచ్చినవాడు ఉత్తరాన్ని గుడిసె ముందు నేలమీద పడేస్తాడు, రెండోవాడు తీసుకుని పరుగందుకుంటాడు. చేతికిస్తే అపశకునమట! మా ఇంట్లో ఇప్పటికీ ఉప్పు చేతికివ్వరు, కింద పెట్టి తీసుకోమంటారు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందో లేదో గానీ, అది చదవగానే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది.

అదే గుడారంలో ఇంకో దృశ్యం. నలుగురు నేరస్థులను తెచ్చామని చెప్పారు. మీర్ జుమ్లా అరగంట పైగా పలకలేదు, రాసుకుంటూనే ఉన్నాడు. తర్వాత పిలిచి, చేసిన నేరం వాళ్ల నోటే చెప్పించి, మళ్లీ గంటసేపు రాసుకున్నాడు. ఆ తర్వాత తీర్పు. ఒకడు ఇంట్లో జొరబడి తల్లినీ ముగ్గురు పసిబిడ్డలనూ చంపినవాడు. వాడి కాళ్లూ చేతులూ నరికించి దారి పక్క పొలంలో పడేయించాడు. బాటలో దోపిడీ చేసినవాడికి పొట్ట చీల్చి మురుగులో వేయించాడు. మిగతా ఇద్దరికీ తలలు తీయించాడు. ఇదంతా జరుగుతుండగా భోజనాలు వచ్చాయి, వచ్చిన అతిథులను కూర్చోబెట్టి తినిపించాడు.

మా పాప అడిగిన రక్తానికి ఇదొక జవాబు. కత్తులు కడిగిన కథకు సాక్షి లేడు. దీనికి ఉన్నాడు, పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు.

ఇక విగ్రహాల ముచ్చట. ఇది చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం, అందుకే విడిగా రాస్తున్నాను. మీర్ జుమ్లాకు ఫిరంగులు కావాలి. ఇరవై పోయించాలనుకున్నాడు. దానికి రాగి కావాలి. చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలను పోగు చేయించాడు. బూర్జ్ ఊరి నుంచి వచ్చిన క్లాడ్ మైల్ అనే ఫ్రెంచివాడికి పని అప్పగించాడు. మిగతా విగ్రహాలు కరిగాయి. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదు. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడు కూడా. చివరికి మైల్ చేతిలో ఒక్క ఫిరంగి కూడా సవ్యంగా తయారు కాలేదు, పని మూలపడింది.

భక్తులకు ఇది మాధవరాయస్వామి మహిమ. లోహం పని తెలిసినవాళ్లను అడిగితే మూస తెలియక, కొలిమిలో వేడి చాలక ఇలా అయిందంటారేమో. మతాల గొడవ కావాలనుకునేవాడికి ఇందులో కావలసినంత సరుకు ఉంది. నాకు భయమల్లా ఆ మూడోవాడితోనే. ఎందుకంటే అదే కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలూ జామియా మసీదూ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాయి. మీర్ జుమ్లా గుళ్ల విగ్రహాలు కరిగించాడన్నది దాచక్కర్లేదు. అది జరిగింది, చెప్పాలి. అలాగే ఆయన కోసం ఫిరంగులు ఎక్కించింది క్రైస్తవులనీ, మన కథ ప్రకారం ఆయన దగ్గర లంచం తీసుకున్నది మన లింగన్నేననీ, నాలుగేళ్లు తిరక్కుండా ఆ మీర్ జుమ్లాయే తన గోల్కొండ సుల్తానుకు చెయ్యిచ్చి మొగలాయిల పక్షం చేరాడనీ కూడా చెప్పాలి. ముక్క కోసి చెబితే విషం, మొత్తం చెబితే చరిత్ర. మొత్తం చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. నేను పాప ముందు వాచీ పెట్టుకుని చెప్పి చూశాను.

ఆ తర్వాత కథ మీరు ఎంత తొందరగా చెప్పినా నాకు అభ్యంతరం లేదు. గోల్కొండ పోయి మొగలాయిలు, వాళ్లు పోయి కడప నవాబులు, ఆ తర్వాత హైదర్ అలీ, 1791లో టిప్పుతో యుద్ధంలో ఇంగ్లీషు కెప్టెన్ లిటిల్ పట్టుకోవడం, 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను కంపెనీకి రాసిచ్చేయడం. అక్కడితో కోటకు కోటగా పని అయిపోయింది. పెమ్మసాని వాళ్లలో కొందరు తమిళ దేశానికి పోయి జమీందారులయ్యారు. ధాన్యాగారం బాటసారుల బంగళా అయింది.

కానీ ఒక ముక్క మీరు అసలు చెప్పడం లేదు, అది నాకు బాధ. కోటలో ఊరుంది. ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. గోడల మధ్య మేకలు, గుమ్మాల ముందు ముగ్గులు. మీ వీడియోల్లో ఆ ఇళ్లు రాకుండా కెమెరా పక్కకు తిప్పుతారు, 'శిథిలాల' అందం చెడిపోతుందని కాబోలు. మీలో కొందరి ఇళ్లు ఆ ఊళ్లోనే ఉన్నాయని నాకు తెలుసు. సొంత ఇంటిని ఫ్రేమ్‌లోంచి తీసేసుకోవడం ఏం పనయ్యా? పెమ్మసాని వాళ్లు పోయారు, మీర్ జుమ్లా పోయాడు, నవాబులు పోయారు. ఉన్నది మీవాళ్లే.

లోయలోకి తొంగి చూసి "అబ్బ, ఎన్ని నీళ్లు" అని మురిసిపోయేవాళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పండి. మా కాలంలో ఎండాకాలం పోతే ఇసుక పాయల మధ్య సన్నగా పారే పెన్నేరు కనబడేది. ఇప్పుడు దిగువన మైలవరం జలాశయం, ఎగువన గండికోట జలాశయం. 26.85 టీఎంసీల ఎగువ జలాశయం నిండడం కోసం 2020లో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊరి పిల్లలు నా దగ్గర చదువుకున్నారు. నీళ్లు వద్దని నేననను. కరువు సీమలో పుట్టి ఆ మాట అంటే నోరు పోతుంది. కానీ కోట చరిత్ర 1800తో ఆగిపోయినట్టు చెప్పొద్దు. నది పక్కన బతికినవాళ్లు ఇల్లు వదిలి పోవడం 1652లో జరిగితే చరిత్ర, 2020లో జరిగితే పేపర్లో జిల్లా పేజీ వార్త, ఇదేం లెక్క?

2024లో గండికోట అభివృద్ధికి కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దానితో దారులు, లైట్లు, గదులు వస్తాయి, రావాలి కూడా. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు వస్తే అదే పదివేలు. అందులో ఓ రవ్వంత మాటల మీద ఖర్చు పెట్టమని బోర్డులు రాయబోయే పెద్దలకు నా మనవి. మైదానం వైపు ద్వారం దగ్గర ఒక బోర్డు పెట్టి, రెండు ఫిరంగులు ఎక్కడుండేవో, నాలుగు ఫిరంగులు ఎటునుంచి ఎక్కాయో టావెర్నియర్ చెప్పింది తేలిక తెలుగులో రాయండి. దాని కిందే కైఫీయతు చెప్పిన లింగన్న కథ. కోనేరు దగ్గర 'ఊళ్లోవాళ్లు చెప్పే కథ' అని పైన రాసి కత్తుల కథ పెట్టండి, అడ్డం లేదు. కథను కథ అని చెబితే దానికి మర్యాదే. ముందు తెలుగులో రాసి తర్వాత ఇంగ్లీషులోకి మార్చండి, తిరగేసి కాదు. ఇంగ్లీషు నుంచి యంత్రం తిప్పిన తెలుగును నేను చాలా చోట్ల చూశాను, అది చదివి పిల్లలు నవ్వుతారు.

గైడ్ తమ్ముళ్లకు ఇంకొక్క మాట. నేను చెప్పిందాంట్లో తప్పుంటే నా ముఖం మీదే చెప్పండి, దిద్దుకుంటాను. మీ తాతలు చెప్పిన కథలు నాకు తెలియనివి ఉంటాయి. బొమ్మనపల్లె వైపు పెద్దవాళ్ల దగ్గర కాకరాజు గురించి ఇంకేమైనా మిగిలిందేమో నేను అడగలేదు, మీరు అడగగలరు. పదిమంది కలిసి నెలకో ఆదివారం కూర్చుంటామంటే బస్సెక్కి నేనే వస్తాను. టావెర్నియర్ రాసింది తెలుగులో చదివి వినిపిస్తాను. డబ్బులేం వద్దు, మధ్యాహ్నం మీ ఇళ్లలో ఎవరైనా జొన్నరొట్టె పెడితే చాలు.

ఎండాకాలం సెలవులకు పాప మళ్లీ వస్తోంది. ఈసారి కోనేరు దగ్గర ముందు నిలబడతానని ఇప్పుడే ఫోన్లో చెప్పింది. అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది, ఈసారి నన్ను కాదు, మిమ్మల్ని.

ఇట్లు,
ప్రొద్దుటూరు నుంచి
ఒక రిటైర్డ్ సోషల్ అయ్యవారు